నా గొంతుతో తొమ్మిది రోజులు

పామ్‌ఫ్రెట్, కనెక్టికట్
1778 జనవరి 9

చెల్లెలు కెజియాకు,

పదిహేనేళ్ళ తరవాత నీకు రాస్తున్నాను. ఎందుకు మానేశానో ఇప్పుడు చెప్పను. పని ఉండి రాస్తున్నాను, పని చెప్పి ముగిస్తాను.

నా మనవడు జేబెజ్ కిందటి ఏప్రిల్‌లో సైన్యంలో చేరాడు. పోయిన నా కొడుకు అమాసాకి వాడొక్కడే బిడ్డ. తల్లి పురిట్లోనే పోయింది. తండ్రి పోయేనాటికి వాడికి ఐదేళ్ళు. అప్పటినుంచి వాణ్ణి పెంచింది నేనొక్కదాన్నే, ఇంకెవరి చెయ్యీ పడలేదు. ఇప్పుడు వాడికి ఇరవై. ఇంగ్లండు రాజుగారి సైన్యం ఫిలడెల్ఫియా ఇళ్ళలో వెచ్చగా కూర్చుంటే, మన సైన్యం వ్యాలీ ఫోర్జ్ అనే చోట కొండవాలున దుంగలతో పాకలు వేసుకుంటోందని వాడు రాశాడు. ఆ పేరు చూసి దేశపటం తీసి కొలిచాను. మీ పొలం నుంచి నాలుగు మైళ్ళు. నా ఇంటి నుంచి దాదాపు మూడు వందలు. మనిద్దరి మధ్య పంపకం ఇలా జరుగుతుందని నేను అనుకోలేదు.

దీనితో ఆరు జతల మేజోళ్ళు పంపుతున్నాను. నీలం ఉన్ని, మడమ దగ్గర తెల్ల పట్టీ. వాడి చేతికే ఇవ్వాలి. వాణ్ణి చూడు, ఎలా ఉన్నాడో రాయి, ఇంటికి వెళ్ళిపో. నీకు పిల్లలు లేరు కనుక చెబుతున్నాను: కుర్రాళ్ళు తిండి పెట్టినవాళ్ళ దగ్గర తొందరగా చనువు చేసుకుంటారు. నువ్వు చనువు ఇవ్వకు.

ముఖ్యమైన మాట ఇంకొకటి. శిబిరంలో మశూచి ఎక్కించే ప్రస్తావన వస్తోందని ఇక్కడ అనుకుంటున్నారు. ఒంటి మీద గీరి, రోగి పొక్కులోని చీము అందులో పెట్టి, చిన్న జబ్బు తెప్పిస్తే పెద్ద జబ్బు రాదంటారు. అమాసాకి తెప్పించిన చిన్న జబ్బు పద్నాలుగో రోజున వాణ్ణి పాతిపెట్టించింది. ఆ పని నాకు చెప్పకుండా, ఒక దీవి మీద ఉన్న వైద్యుడి ఇంటికి వెళ్ళి చేయించుకున్నాడు. అందుకే జేబెజ్ బయల్దేరేముందు వంటింటి బల్ల మీద బైబిలు పెట్టి, వాళ్ళ నాన్న మరణం రాసిన పేజీ తెరిచి, దాని మీద చెయ్యి వేయించి, ఎక్కించుకోనని ప్రమాణం చేయించాను. వాడికీ నాకూ ఇంతవరకు మశూచి రాలేదు. రాకుండా బతకడం మాకు తెలుసు. ఈ ప్రమాణం సంగతి వాడికి గుర్తుచెయ్యి. నాకు కావలసినది వాడు నేను పంపించినవాడిలాగే తిరిగి రావడం.

నీ అక్క
మెహిటబెల్ హేజెన్


చెస్టర్ కౌంటీ, పెన్సిల్వేనియా
రెండో నెల, పద్నాలుగో రోజు

అక్కయ్యకు,

నీ చేతిరాత చూసి పొయ్యి దగ్గర చాలాసేపు కూర్చున్నాను. అక్షరాలు ఇంకా అలాగే నిటారుగా ఉన్నాయి.

మా ఆయన కేలెబ్ పోయి ఆరేళ్ళయిందని నీకు తెలిసి ఉండదు. పొలం నేనే చూసుకుంటున్నాను. నీ మూట అందిన మర్నాడే బండి కట్టించుకుని శిబిరానికి వెళ్ళాను. మంచు, బురద, చచ్చిన గుర్రాల కంపు. కనెక్టికట్ వాళ్ళ పాకలు ఎక్కడని అడుగుతూ వెళ్ళి ఒక తలుపు దగ్గర ఆగాను. తలుపంటే తలుపు కాదు, గోనెపట్టా.

“జేబెజ్ హేజెన్ ఉన్నాడా?” అన్నాను.

“ఏ జేబెజ్ అవ్వా? బూట్లున్నవాడా, లేనివాడా?” అన్నాడు లోపల్నుంచి ఒకడు.

“లేనివాడు.”

“అయితే ఇక్కడ అందరం జేబెజ్‌లమే. నీకెవరు నచ్చితే వాణ్ణి తీసుకెళ్ళు.”

పన్నెండుమందికి నాలుగు జతల బూట్లట. కాపలా వంతు వచ్చినవాడు తొడుక్కుని వెళతాడు. ఆ పొగలోంచి పొడుగాటి పిల్లవాడు ఒకడు పాదాలకి దుప్పటి ముక్కలు చుట్టుకుని లేచి వచ్చాడు. నేను నోరు తెరిచి “జేబెజ్” అన్నానో లేదో, నిలబడ్డచోటే నిలబడిపోయాడు. “మీ గొంతు అచ్చం మా నానమ్మ గొంతులా ఉంది” అన్నాడు. మనిద్దరి గొంతులకీ తేడా తెలియక నాన్న తలుపవతల నుంచి ఒకరిననుకుని ఒకరిని కోప్పడేవాడు, గుర్తుందా?

మేజోళ్ళు ఇచ్చాను. వాసన చూశాడు. మూడు జతలు ఉంచుకుని మూడు పాకలోవాళ్ళకి పంచేశాడు. ఆ రోజుకి వాళ్ళ భోజనం పిండీ నీళ్ళూ కలిపి రాతి మీద కాల్చిన రొట్టె. మాంసం కంటబడి అయిదు రోజులైందన్నారు.

పాదాలు చలికి పగిలి పుండ్లయ్యాయి కనుక వాళ్ళ కెప్టెన్‌ని అడిగి కొన్నాళ్ళు మా ఇంటికి తెచ్చుకున్నాను. పాకలోవాళ్ళు ఇంకో అయిదుగురు కూడా వచ్చారు. యుద్ధం పాపమని నమ్మే మా సభవాళ్ళు దీనికి ఏమంటారో చూడాలి. ప్రస్తుతానికి పాలూ మొక్కజొన్న గంజీ పెడుతున్నాను. మాంసం, వెన్న మానిపించాను.

వాడి వేళ్ళు చలికి వాచి ఉన్నాయి, అందుకే నేనే రాస్తున్నాను. నీ మాట గుర్తుచేశాను. విన్నాడు.

నీ చెల్లెలు
కెజియా పెన్నాక్


పామ్‌ఫ్రెట్
1778 ఫిబ్రవరి 25

కెజియాకు,

నీ ఉత్తరం నిన్న అందింది. మీవాళ్ళు నెలలకు పేర్లు పెట్టుకోవడం కూడా పాపమనుకుంటారని మరిచిపోయాను. వేళ్ళ మీద లెక్కపెట్టుకుని ఫిబ్రవరి అని తెలుసుకున్నాను.

చూసి ఇంటికి వెళ్ళిపొమ్మన్నాను. నువ్వు వాణ్ణి ఇంటికి తీసుకెళ్ళావు. చిన్నప్పుడు కూడా కుండ తెమ్మంటే కుండతోపాటు మూతా, పక్కనున్న పిల్లీ తెచ్చేదానివి.

నేను కొన్ని విషయాలు అడుగుతాను. తప్పించుకోకుండా జవాబు రాయి. వాచిన వేళ్ళతో మేజోళ్ళ మూట ముడి విప్పినవాడు నాకు ఒక్క వాక్యం రాయలేకపోయాడా? సెప్టెంబరు నుంచి వాడు నాకు పదకొండు ఉత్తరాలు రాశాడు. ఒకటి గుర్రం వీపు మీద కాగితం పెట్టి రాశాడు. ఆఖరిది జనవరి 3న. తరవాత ఏమీ లేదు. చలి జనవరి 4న మొదలుకాలేదు కదా.

ఆకలితో ఉన్న పిల్లాడికి మాంసం మానిపించడమేమిటి? నా ఇంట్లో వాడు పూటకి రెండు ముక్కల ఉప్పు పందిమాంసం తినేవాడు. నువ్వు గంజి పోసి ఎవరికి మంచి చేస్తున్నావు?

నీకు గొర్రెపిల్ల గుర్తుందా? నాకు పదకొండేళ్ళు, నీకు అయిదు. తల్లిలేని పిల్లని నాన్న నా చేతిలో పెట్టాడు. గంటగంటకీ లేచి గుడ్డ తడిపి పాలు పట్టాను. వసంతం వచ్చి అది గెంతడం మొదలెట్టాక నువ్వు రెండుసార్లు రొట్టె ముక్క పెట్టావు. ఆ రోజు నుంచి అది నీ వెనకాలే తిరిగింది. నేను పిలిస్తే తల తిప్పి చూసేది, అంతే. అమ్మ నవ్వింది. నేను నవ్వలేదు. నాకు అరవై ఏడేళ్ళు, ఇంకా నవ్వు రాలేదు.

ఈ ఉత్తరం సైన్యానికి పశువుల మంద తోలుకొస్తున్న జేడాక్ ఫెన్ చేతికి ఇస్తున్నాను. మా ఊరివాడు, మాటకారి, కాని అబద్ధాలాడడు. జేబెజ్ చేత అతని ఎదురుగా నాకు ఉత్తరం రాయించి పంపు.

మెహిటబెల్


చెస్టర్ కౌంటీ
మూడో నెల, పదిహేనో రోజు

అక్కయ్యకు,

నీ మనిషి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు కనుక త్వరగా రాస్తున్నాను.

జేబెజ్ తింటున్నాడు, నిద్రపోతున్నాడు. పాదాలు మానాయి. ఈ పూట రాసే స్థితిలో లేడు. వచ్చే నెలలో రాస్తాడని మాట ఇస్తున్నాను. ఇంతకన్నా అడగకు.

వాడు నన్ను మంచం దగ్గర నుంచి కదలనివ్వడు. నీళ్ళకి లేచినా చెయ్యి చాచి వెతుక్కుంటాడు. అరవై ఒక్కేళ్ళు వచ్చాక ఇలాంటిది ఒకటి నాకు జరుగుతుందనుకోలేదు. ఇది నీకు రాయకూడదేమో. రాసేశాను, కొట్టేస్తే నీకు ఇంకా కోపం వస్తుంది.

గొర్రెపిల్ల నాకు గుర్తుంది. రొట్టె రెండుసార్లు కాదు, రోజూ పెట్టాను. నా వంతు రొట్టె.

కెజియా


పామ్‌ఫ్రెట్
1778 ఏప్రిల్ 4

కెజియాకు,

జేడాక్ ఫెన్ మొన్న సాయంత్రం వచ్చాడు. నీ ఉత్తరం ఇచ్చాడు. కాగితమంతా వెనిగర్ వాసన, సగం అక్షరాలు అలుక్కుపోయాయి. ఎప్పటిలాగే ముక్కుకి ఆనించుకుని చదువుదామంటే కళ్ళు మండాయి. ఊరగాయ జాడీ పక్కన పెట్టుకుని రాశావా? మంచిది. ఇప్పుడు అతను చెప్పినది విను. అతను చెప్పినట్టే రాస్తున్నాను, నా మాట ఒక్కటీ కలపడం లేదు.

“లోపలికి రానిచ్చిందా?” అని అడిగాను.

“ఎక్కడ అమ్మగారూ. ‘అక్కడే ఆగు, గేటు ముట్టుకోకు’ అని అరిచింది. మా కుక్కని కూడా అంత దూరంలో నిలబెట్టం. పొడుగాటి కర్ర చివర చీల్చి, ఉత్తరం అందులో గుచ్చి చాపింది. నేనేదో కరుస్తానన్నట్టు.”

“మనిషి ఎలా ఉంది?”

“ముసుగు కప్పుకుంది, మొహం కనబడలేదు. మాట మాత్రం మీదే. ఆగమంటే మీరే ఆగమన్నారనుకుని ఆగిపోయాను.”

“జేబెజ్‌ని చూశావా?”

అతను టోపీ తిప్పుకుంటూ కూర్చున్నాడు. “చూడలేదు, విన్నాను. మేడ మీద కిటికీలోంచి ‘నానమ్మా, నానమ్మా’ అని పిలిచాడు. ఆవిడ వెంటనే ‘ఇదిగో వస్తున్నా నాయనా’ అని లోపలికి పరిగెత్తింది.”

“ఇంకా?”

“వదిలెయ్యండి అమ్మగారూ.”

“జేడాక్.”

“పెరట్లో మంట వేసి ఉంది. మేజోళ్ళు పట్టకారుతో పట్టుకుని కాలుస్తోంది. నీలంవి. మడమ దగ్గర తెల్ల పట్టీ ఉంది. కంచె మీద వేరేవి ఆరేసి ఉన్నాయి, బూడిదరంగువి.”

నేను అతనికి యాపిల్ సారా పోసి పంపేశాను. తలుపు వేసుకున్నాను.

కెజియా, ఒక్కొక్క మేజోడుకి నాకు నాలుగు సాయంత్రాలు పట్టింది. నా చూపుకి ఇప్పుడు దీపం రెండంగుళాల దూరంలో ఉండాలి. దాన్ని నువ్వు ముట్టుకోవడం కూడా ఇష్టం లేక పట్టకారుతో పట్టుకున్నావు. వాడి కాళ్ళకి నీవి తొడిగావు. నన్ను పిలిచే పిలుపుకి నువ్వు పలికావు. నాకు ఉత్తరం రాసే చేతిని నువ్వు పట్టుకుని కూర్చున్నావు, పైగా అది నాకు రాసి చూపించావు.

పదిహేనేళ్ళ కిందట ఎందుకు మానేశానో ఇప్పుడు చెబుతాను. అమాసా పోయాక వాడి పెట్టెలో నీ ఉత్తరం దొరికింది. ‘ఇక్కడ వందలమంది ఎక్కించుకుంటున్నారు, భయం లేదు, మీ అమ్మకి ముందే చెప్పకు’ అని రాశావు. నా కొడుకు నన్ను అడగవలసింది నిన్ను అడిగాడు. నీ జవాబు విని వెళ్ళాడు. ఒకణ్ణి అలా తీసుకున్నావు. రెండోవాణ్ణి తిండి పెట్టి తీసుకుంటున్నావు.

దీనితో జేబెజ్ పేర ఒక ఉత్తరం ముద్ర వేసి పంపుతున్నాను. వాడి చేతికి ఇయ్యి. అందులో ఏముందో దాచను. వాడు ఎవర్ని నానమ్మ అని పిలుస్తాడో తేల్చుకోమన్నాను. నిన్ను అని తేల్చుకుంటే ఈ ఇంటి గడప తొక్కనక్కర్లేదన్నాను.

మెహిటబెల్ హేజెన్


చెస్టర్ కౌంటీ
నాలుగో నెల, ఇరవై ఒకటో రోజు

అక్కయ్యకు,

కూర్చుని చదువు. ముఖ్యమైన మాట ముందు చెబుతాను, లేకపోతే మిగతా చదవవు. జేబెజ్ బతికే ఉన్నాడు. బాగున్నాడు. వారం కిందట శిబిరానికి తిరిగి వెళ్ళాడు.

వాడికి మశూచి ఎక్కించారు.

అది వాడి కోరికా కాదు, నాదీ కాదు. మశూచి రాని ప్రతి సైనికుడికీ ఎక్కించాలని సేనాధిపతి ఉత్తర్వు. తుపాకుల కన్నా ఈ జబ్బే ఎక్కువమందిని చంపుతోందట. నేను మొదటిసారి శిబిరానికి వెళ్ళేసరికే వాడి పేరు జాబితాలో ఉంది. ఆ రోజు ప్రమాణం సంగతి గుర్తుచేశానని రాశాను కదా. విన్నాడని రాశాను. విని ఏడ్చాడని రాయలేదు. కాగితం ముందర పెట్టుకుని మూడు సాయంత్రాలు కూర్చున్నాడు. “నిజం రాస్తే ఆవిడ చచ్చిపోతుంది, అబద్ధం నేను రాయలేను” అని మూడుసార్లూ కాగితం మడిచేశాడు. వేళ్ళు వాచాయన్న అబద్ధం నాది.

వాళ్ళ పాకలో ఎక్కించవలసినవాళ్ళు ఆరుగురు. ఆ పాకల్లో ఎక్కించుకుంటే జబ్బు కన్నా ముందు చలి చంపుతుందని నేనే వాళ్ళని ఇంటికి తెచ్చాను. ముందు రెండు వారాలు మాంసం పెట్టకూడదన్నది వైద్యుడి నియమం. నాకు ఇరవై ఆరేళ్ళప్పుడే మశూచి వచ్చి పోయింది. నీకు చెప్పలేదు. నా మొహం నువ్వు చివరిసారి చూసినది కాదు అక్కయ్యా. జల్లెడలా ఉంటుంది. జేడాక్‌కి నేను మొహం చూపించకపోవడానికి అదొక్కటే కారణం. ఇంకో మాటలో చెప్పాలంటే, అతను ఇంటికెళ్ళి నీకు చెబుతాడని.

రెండో నెల ఇరవై నాలుగున గీరారు. తొమ్మిదో రోజున జ్వరం. అందరికీ పది, ఇరవై పొక్కులు లేచి ఊరుకున్నాయి. జేబెజ్‌కీ, ఫార్మింగ్టన్ నుంచి వచ్చిన ఇంకో కుర్రాడికీ ఒళ్ళంతా లేచాయి. ఆ కుర్రాడు పోయాడు. వాణ్ణి మా గోధుమ చేను అంచున పెట్టాం. జేబెజ్ కనురెప్పలు వాచి మూసుకుపోయాయి. తొమ్మిది రోజులు వాడికి ఏమీ కనబడలేదు.

జబ్బున్న ఇంట్లోంచి కాగితం, గుడ్డ, దారం ఏదీ బయటికి పోకూడదు. నీకు జబ్బు రాలేదని వాడు మాటిమాటికీ చెప్పాడు. “మా నానమ్మ ఉత్తరాన్ని ముక్కుకి ఆనించుకుని చదువుతుంది. నేను ముట్టుకున్న కాగితం ఆవిడకి పంపకండి, ఒట్టు” అన్నాడు. అందుకే వాడు ఒక్క అక్షరం కూడా రాయలేదు. నేను రాసినది పాల కొట్టంలో కూర్చుని, చేతులు కడుక్కుని, వెనిగర్‌లో ముంచి, పొగ పట్టించి, కర్ర చివర గుచ్చి ఇచ్చాను. నీ మేజోళ్ళు వాడి ఒంటి మీద ఉన్నవి. కాల్చక తప్పలేదు. పట్టకారు నీ మేజోళ్ళ మీద అసహ్యంతో కాదు.

ఇక్కడితో ఆపితే నేను మంచిదాన్నవుతాను. ఆపను.

కళ్ళు మూసుకుపోయిన మొదటి రోజునే వాడు నా మాట విని, “నానమ్మా, వచ్చావా?” అన్నాడు. జ్వరంలో నా గొంతు నీ గొంతనుకున్నాడు. కాదు నాయనా, నేను కెజియాని అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. “వచ్చాను” అన్నాను.

తొమ్మిది రోజులు నేను నువ్వయ్యాను. వాడు అడిగినవాటికి నీలాగే జవాబు చెప్పాను. నీలాగే కోప్పడ్డాను. పొక్కులు గోకితే చేతుల మీద కొట్టి, “చదువుకున్నవాడు చేసే పనేనా ఇది?” అన్నాను. వాడు నవ్వాడు. ఆ వాచిన మొహంతో. నా ఇంట్లో ఇంతవరకు ఎవరూ నా మీద అలా ఆనుకుని నిద్రపోలేదు. అసూయ నీకే అని నువ్వు అనుకుంటున్నావు. నువ్వు రాసినన్నాళ్ళూ నీ ఉత్తరాల్లో ‘నా అమాసా’, ‘నా జేబెజ్’ అని చదివినప్పుడల్లా నేను ఏం చేశానో నీకు తెలియదు. ఉత్తరం మడిచి పెట్టి ఆవుల్ని తిట్టేదాన్ని.

అయిదో రోజున, చచ్చిపోతాననుకుని, “నానమ్మా, ప్రమాణం తప్పాను, నన్ను విడిపించు” అన్నాడు. పక్క మంచం ఆ పూటే ఖాళీ అయింది. నేను వాడి చెయ్యి పట్టుకుని, “విడిపించాను, తప్పు లేదు” అన్నాను. నీ పేరు మీద. ఆ హక్కు నాకెవరిచ్చారు?

కళ్ళు తెరుచుకున్న రోజు వాడు మొదట అడిగినది, “నానమ్మ ఎక్కడ?” అని. నేను వెలుతురులోకి వచ్చి నిలబడ్డాను. నా మొహం కేసి చూశాడు. ఆలోచించాడు.

“నానమ్మకి మశూచి రాలేదు. ఆవిడ ఇక్కడికి రాకూడదు. రాలేదు కదా?”

“రాలేదు.”

“మరి నన్ను విడిపించింది ఎవరు?”

గంజి గిన్నె తీసి వాడి చేతిలో పెట్టాను. వాడు కోపగించుకోలేదు. మర్నాటి నుంచి నన్ను ‘చిన్న నానమ్మా’ అని మర్యాదగా పిలిచాడు. ఆ మర్యాద నాకు తగిలింది, నీకు సంతోషం కలగాలని రాస్తున్నాను.

అమాసాకి రాసిన ఉత్తరం సంగతి నీకు తెలుసని నాకు తెలియదు. రాశాను. చూసినది చూసినట్టే రాశాను. ‘అమ్మకి చెప్పకు’ అన్నది మాత్రం రాయకుండా ఉండవలసింది. పదిహేనేళ్ళుగా ఆ వాక్యం ఎక్కడ ఉందో తెలియక భయపడుతూ ఉన్నాను.

జేబెజ్ ఇప్పుడు రోజూ కవాతు చేస్తున్నాడు. ప్రష్యా దేశపు అధికారి ఒకాయన వచ్చాడు, మన భాషలో తిట్టడం రాక పక్కనున్నవాడి చేత తిట్టిస్తాడట. గడ్డి మొలిచి పశువులకి మేత దొరకగానే సైన్యం కదులుతుంది. ఈసారి యుద్ధానికే. వాడు నీకు ఇంకా రాయకపోవడానికి జబ్బు కారణం కాదు. నువ్వు విడిపించేదాకా నీకు రాసే మొహం లేదంటున్నాడు.

నీ ముద్ర వేసిన ఉత్తరం నిన్న అందింది. వాడికి ఇవ్వలేదు. ముద్ర విప్పలేదు. పొయ్యి పక్క గూట్లో పెట్టాను. ఇమ్మంటే మర్నాడే శిబిరానికి వెళ్ళి వాడి చేతిలో పెడతాను. ఈసారి నీ మాట మీరను.

కెజియా


పామ్‌ఫ్రెట్
1778 మే 12

చెల్లెలు కెజియాకు,

నీ ఉత్తరానికి మూడుసార్లు జవాబు రాసి మూడూ పొయ్యిలో వేశాను. ఇది నాలుగోది. ఆదివారం చర్చిలో ఫ్రాన్సు రాజు మన పక్షం చేరాడని చదివి గంటలు మోగించారు. అందరూ లేచి నిలబడ్డారు. నేను కూర్చునే ఉన్నాను. పాస్టరుగారి భార్య మోకాళ్ళ నొప్పులా అని అడిగింది. అవునన్నాను.

నిన్ను క్షమించానని రాయను. ఆ తొమ్మిది రోజులు నావి. అంత దూరం నేను నడిచి రాలేను, వచ్చినా గడప దాటడానికి లేదు, అయినా అవి నావే. నువ్వు తీసుకున్నావు. అది అలాగే ఉండనీ.

అయితే నేను కూడా ఒక సంగతి ఎవరికీ చెప్పలేదు. అమాసా పోయినప్పుడు ఆ దీవి నుంచి పడవవాడు వాడి పెట్టె తెచ్చాడు. పెట్టె దించి, “ఆఖరి రాత్రి మీ అబ్బాయి చాలాసేపు పిలిచాడమ్మా” అన్నాడు. ఎవర్ని అని అడిగాను. అమ్మని అన్నాడు. ఎవరైనా పలికారా అని అడిగాను. అతను పడవ తాడు చూసుకుంటూ, “అక్కడ అందరూ రోగులే కదమ్మా” అన్నాడు. ఈ పదిహేనేళ్ళూ నిన్ను తిట్టుకున్నది నీ ఉత్తరం గురించి అనుకున్నాను. ఎక్కువ భాగం అదే. మిగతా భాగం ఆ పడవవాడి మాట.

జేబెజ్ పిలిస్తే ఒకరు పలికారు. నా గొంతుతో పలికారు. దీన్ని ఎటు తిప్పి చూసినా ఆ పని తప్పని నాకు రాయడానికి చెయ్యి రావడం లేదు.

గూట్లో ఉన్న ఉత్తరం పొయ్యిలో వెయ్యి. పట్టకారుతో వెయ్యి, నీకు అలవాటే.

జేబెజ్ దగ్గరికి సైన్యం కదలకముందే వెళ్ళి చెప్పు: ఆ ఇంట్లో, ఆ మంచం పక్కన, నానమ్మ అన్న మాటలన్నీ నానమ్మ మాటలే. విడిపించింది నేనే. బైబిలులో ఆ పేజీ తీసి వాళ్ళ నాన్న పేరు కింద తేదీ వేసి రాశాను కూడా. ఇంట్లో వాడికి గది ఉంది, గడప ఉంది. నాకు ఉత్తరం రాయమను. వెనిగర్‌లో ముంచనక్కర్లేకపోతే ముంచవద్దను.

మేజోళ్ళు మళ్ళీ మొదలుపెట్టాను. రెండు జతలు అయ్యాయి. మళ్ళీ మంద తోలుకెళ్ళి వచ్చిన జేడాక్, శిబిరంలో జేబెజ్ ఇచ్చిన, ఇంకా తొడగని బూడిదరంగు జత ఒకటి తెచ్చి చూపించాడు. నీ మడమ అల్లిక వదులుగా ఉంది, రెండు మైళ్ళు నడిస్తే కిందికి జారిపోతుంది. ఎలా బిగించాలో వేరే కాగితం మీద రాసి దీనితో పెట్టాను. నేర్చుకో.

ఇప్పుడు నువ్వు నాకు ఒక పని చెయ్యాలి. ఆ తొమ్మిది రోజుల్లో నేను వాడితో ఏమేం చెప్పానో, వాడు నాతో ఏమన్నాడో రోజువారీగా రాసి పంపు. ఏ పూట ఏం తాగించానో, ఎప్పుడు కోప్పడ్డానో, ఎందుకు నవ్వాడో, ఏదీ వదలకు. ఇంటికొచ్చాక వాడు ‘గుర్తుందా నానమ్మా’ అంటే నాకు తెలియదని చెప్పలేను. నువ్వు కల్పించినవి కూడా రాయి, అవీ నేనే అన్నాను.

కళ్ళు తెరవగానే ‘నానమ్మ ఎక్కడ?’ అని అడిగాడన్నావు కదా. ఆ ఒక్క మాట మాత్రం రెండుసార్లు రాయి.

నీ అక్క
మెహిటబెల్